జీపు క్లబ్బు ఎన్నికలో పోలేరయ్య

జువ్వలదిన్నెకు కాస్త ఉత్తరాన, సముద్రం ఒడ్డు పల్లెలో పోలేరయ్య పేరు చెబితే ముందు అతని ట్రాక్టరు గుర్తొస్తుంది. ఇరవై ఏళ్లుగా పడవలను ఒడ్డుకు లాగడమే దాని పని. ఆదివారాలు నెల్లూరు నుంచి జీపులు వచ్చి ఇసుకలో పరుగులు పెట్టడం మొదలయ్యాక ఇంకో పని తోడైంది. ఎవరి చక్రాలు కూరుకుపోయినా అతనికే ఫోను వచ్చేది. ఏ ఇసుక బరువు మోస్తుందో, ఏది పైకి గట్టిగా కనిపిస్తూ కింద నీళ్లు దాచుకుంటుందో అతనికి నడిచి చూస్తే తెలిసిపోతుంది. మూడేళ్ల కిందట ఆ జీపుల క్లబ్బువాళ్లు అతన్నీ సభ్యుణ్ణి చేసుకున్నారు. అతను కూడా ఒక పాత జీపు కొని, తనే బాగుచేసుకుని, వాళ్లతో తిరిగేవాడు. టీ తాగేటప్పుడు మాత్రం కొంచెం ఎడంగా నిలబడేవాడు.

మొన్న ఆగస్టులో ఒక మధ్యాహ్నం క్లబ్బు ప్రెసిడెంటు చంద్రమౌళి అతని ఇంటికి వచ్చాడు. బుచ్చిరెడ్డిపాలెంలో రైసుమిల్లు ఉన్న మనిషి. పోలేరయ్య భార్య రోజారమణి ఇచ్చిన కాఫీ మొత్తం తాగి, అప్పుడు విషయం చెప్పాడు.

"నేను దిగిపోతా ఉండా పోలేరయ్యా. ఈసారి ప్రెసిడెంటుగా నువ్వు నిలబడు."

"నేనెందుకు సార్? చదువుకున్నోళ్లు అంతమంది ఉండారు గదా."

"అందరూ నీ పేరే చెప్తా ఉండారు."

పోలేరయ్య సరేనన్నాడు. చంద్రమౌళి కారు వెళ్లిపోయాక రోజారమణి గ్లాసులు తీస్తూ అడిగింది. "ఎవురెవురు చెప్పినారో అడిగినావా?"

"లేదు."

"మూడేళ్లలో ఒక్కసారీ మన గడప తొక్కని మనిషి ఈ పొద్దు వచ్చి కూసున్నాడంటే, ఏందో ఉంది."

ఆ అనుమానం పోలేరయ్యకూ ఉంది. మరుసటి రోజు నలుగురు సభ్యులకు ఫోన్ చేశాడు. నలుగురూ ఒకే మాట అన్నారు: "నువ్వయితేనే కరెక్టు." నాలుగోసారి ఆ మాట వినేసరికి అతనికి అనుమానం గట్టిపడింది. ఎవరో నేర్పించినట్టుంది.

పోటీలో ఉన్న రెండో మనిషి వినీల, నెల్లూరులో పళ్ల డాక్టరు. ఆమె మూడుసార్లు ఫోన్ చేసింది. తప్పుకోమని అడగడానికే అయి ఉంటుందనుకుని అతను ఎత్తలేదు.

చంద్రమౌళి ఇంటికి రావడానికి రెండు వారాల ముందే ఊళ్లో ఒక గొడవ జరిగింది. ఒడ్డున ఆరబెట్టిన వలల మీదుగా ఒక జీపు పోయి, రెండు వలలు చిరిగాయి. ఇక ఒడ్డు మీదికి జీపు రాకూడదని ఊరి పెద్దలు తీర్మానించారు. ఆ గొడవకూ, చంద్రమౌళి రాకకూ ఏదో లంకె ఉందని పోలేరయ్యకు తోచింది. తేల్చుకుందామని బుచ్చిరెడ్డిపాలెం వెళ్లాడు. మిల్లు ఆఫీసులో అతన్ని చూడగానే చంద్రమౌళి బల్ల మీదున్న ఫైలు మూసేశాడు.

"క్లబ్బు కాయితాలు ఒకసారి చూస్తా సార్."

"ఎన్నికయినాక అన్నీ నీ చేతికే వస్తాయిలే."

పోలేరయ్య తిరిగి వచ్చేశాడు. పోటీ మానుకోలేదు. మానుకుంటే ఏం జరిగిందో ఎప్పటికీ తెలియదనుకున్నాడు.

ఆదివారం ఉదయం సరుగుడు తోపులో మీటింగు. ముప్పై ఏడుమంది వచ్చారు. ఓట్లకు ముందు పోలేరయ్య లేచి నిలబడ్డాడు.

"డిసెంబరులో పెద్ద జీపు ర్యాలీ అంటా ఉండారు గదా. దారి ఎటు? బాధ్యత నాదని సంతకం పెట్టేది ఎవురు?"

చంద్రమౌళి ఆ రోజు మిల్లులో మూసిన ఫైలే తెరిచాడు. అందులో ర్యాలీకి గీసిన దారి సరిగ్గా పడవలు నిలిపే చోటు మీదుగా పోతోంది. కింద ప్రెసిడెంటు సంతకానికి ఖాళీ వదిలి ఉంది.

"మీ ఊరోళ్లు నీ మాటయితే వింటారని అనుకున్నాం. తప్పేముంది దాంట్లో?" అన్నాడు చంద్రమౌళి.

"ఆ మాట మా ఇంట్లోనే చెప్పుంటే తప్పు లేదు సార్."

అప్పుడు వినీల అంది. "ఇది చెప్పాలనే నీకు మూడుసార్లు ఫోన్ చేసినా అన్నా. నువ్వు ఎత్తలేదు."

పోలేరయ్యకు తల కొట్టేసినట్టయింది. మోసం ఉందని సరిగ్గానే పట్టాడు. కానీ దాన్ని చెప్పబోయిన మనిషినే దూరం పెట్టాడు.

ఓట్లు పడ్డాయి. అయిదు ఓట్ల తేడాతో వినీల గెలిచింది. ఆమె మొదట చేసిన పని ఆ దారిని కొట్టేయడం. తరువాత నేరుగా పోలేరయ్య దగ్గరికి వచ్చింది.

"ఊరికి దూరంగా, కాలువ పక్కనుంచి వేరే దారి చూపిస్తావా అన్నా?"

"నన్నే ఎందుకు అడగతా ఉండావు?"

"ఆ ఇసుక నీకు తెలిసినట్టు ఇక్కడ ఇంకెవురికీ తెలీదు."

"వలలు ఆరబెట్టే చోటికి జీపులు రావని రాసియ్యి డాక్టరమ్మా. మా పెద్దోళ్లకు చూపిచ్చి చెప్తా."

ఆమె నొచ్చుకోలేదు. జీపు బానెట్ మీద కాగితం పెట్టి రాసి, సంతకం చేసి ఇచ్చింది. పోలేరయ్య దాన్ని అక్కడే నిలబడి రెండుసార్లు చదివాడు. మడిచి జేబులో పెట్టుకుని, దారి చూడటానికి ఒక్కడే కాలువ వైపు నడిచాడు.