అత్తమ్మ సగం కుట్టిన బొంత

మా అత్తమ్మ పోయింది. పొద్దున వాకిట్లో కూర్చుని బొంత కుట్టింది, మధ్యాహ్నం కాసేపు నడుము వాలుస్తానని లోపలికి వెళ్లింది, మళ్లీ లేవలేదు. చొప్పదండి దగ్గర మా ఊళ్లో ఆమె కుట్టిన బొంత లేని ఇల్లు తక్కువ. మీలో ఎవరైనా బొంత కప్పుకుని పెరిగి ఉంటే, ఆమె ఎలాంటి మనిషో సగం తెలిసినట్టే.

ఆమెకో అలవాటు. కుట్టు ఆపి లేచినప్పుడల్లా సూదిని గోడ మీది క్యాలెండర్ అట్టకు గుచ్చేది. పిల్లలు దొర్లే ఇంట్లో సూది బట్టలో ఉండకూడదు. ఆ రోజు అంత నలతలోనూ దాన్ని అక్కడే గుచ్చి వెళ్లింది. దారం ఇంకా వేలాడుతోంది. అది చూసి ఏడ్చినంత, ఆమెను సాగనంపేటప్పుడు కూడా ఏడవలేదు.

ఆ బొంత నా కూతురికి పుట్టబోయే బిడ్డ కోసం. తొలికాన్పుకు వచ్చిన మనుమరాలిని చూసి మురిసిపోయి, అత్తమ్మ తన నూలు చీరలు, మామయ్య పాత ధోవతులు పరిచింది. అంచు దగ్గర మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ నడిమికి వస్తోంది. అలా కుడితేనే ముడతలు పడవని ఆమె లెక్క.

పెళ్లయిన కొత్తలో నేనూ ఒకటి కుట్టబోయాను. అందంగా ఉంటుందని పైన మెరిసే పాలిస్టర్ చీర వేశాను. ఆమె వేలితో రుద్ది చూసి పకపకా నవ్వింది.

"ఏందే పిల్లా, గిది ఉచ్చ పీలుస్తదా? పసిపోరలకు బొంతనా, పెండ్లిపిల్లకు చీరెనా?"

కుట్టిందంతా విప్పించింది. ఎంత ఉడుక్కున్నానో! కానీ పక్కన కూర్చుని తనూ విప్పింది. "పోరడు తడిపితేనే బొంత పాసైనట్టు బిడ్డా" అంది. ఆ మాట ప్రతి బొంతకూ అనేది.

దినాలు అయ్యాక అసలు గొడవ వచ్చింది. అత్తమ్మ పెద్దబిడ్డ, ఆదిలాబాద్‌లో ఉండే మా వదినె, తల్లి బట్టలన్నీ మూట కట్టింది. పోయినవాళ్ల బట్టలు మా ఇళ్లలో ఉంచుకోరు. ఆ మూటలోకి బొంత కూడా చేరింది.

"వదినె, గది ఇడువు. అది బొంత" అన్నాను.

"అవ్వ చీరెలే గదనే! సచ్చినోళ్ల బట్ట మీద పసిగుడ్డును పండవెడుతరా? మా ఆదిలాబాద్ పత్తితోని మంచిగ మెత్త కుట్టిస్త, నువ్వు ఫికర్ చెయ్యకు."

"అత్తమ్మ బతికుండంగనే ఇచ్చింది. నా మనుమరాలి బిడ్డకు అనుకుంట మొదలువెట్టింది. ఇచ్చినదాన్ని మనం గుంజుకుంటమా?"

వదినె మొహం గంటు పెట్టుకుంది. "నీ ఇష్టం. రేపు ఏమన్నయితే నన్ననకు."

అబద్ధమెందుకు, భయమేసింది. అయినా మూట విప్పి బొంత బయటికి లాగాను. క్యాలెండర్‌కున్న సూది తీసి, అత్తమ్మ ఎక్కించిన దారంతోనే కుట్టు అందుకున్నాను.

ఆమె కుట్టు బియ్యపు గింజంత, నాది చింతగింజంత. ఎక్కడ ఆమె ఆగిందో ఎవరికైనా ఇట్టే తెలిసిపోతుంది. వేళ్లు పొడుచుకున్నాయి, మెడ పట్టేసింది. వదినె ఎదురుగా కూర్చుని చూసేది. నేను తల వంచుకుని కుట్టుకుంటూ పోయాను. అత్తమ్మ దగ్గర నేర్చుకున్నది పెద్ద విద్యేం కాదు. తప్పు వేసినదాన్ని మొహమాటం లేకుండా విప్పాలి. సరిగ్గా వేసినదాన్ని ఎవరేమన్నా విప్పకూడదు. నడిమికి చేరి చివరి ముడి వేసిన మర్నాడే నా కూతురికి నొప్పులు మొదలయ్యాయి.

మనుమణ్ని ఇంటికి తెచ్చాక బొంత మీద పడుకోబెట్టాను. వదినె గడప దగ్గరే ఆగిపోయింది. వాడు కాళ్లు ఆడించి, దర్జాగా తడిపేశాడు. బొంత ఎత్తి చూస్తే కింద చాప పొడిగా ఉంది.

వదినె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

"పాసైందే అవ్వా!" అంది.

ఇది రాస్తుంటే బొంత దండెం మీద ఆరుతోంది. ఉతికింది వదినెనే. చుట్టూ అత్తమ్మ సన్న కుట్లు, నడిమిన నా పొడుగు కుట్లు, అన్నింటి మీదా ఎండ. సూది మళ్లీ క్యాలెండర్‌కు గుచ్చి ఉంది, కొత్త దారంతో.