కొస మడికి తొలి గిన్నె

ఆయన వదిలిన నీళ్లతో పండిన బియ్యం తిన్నారు, ఆయన పాడెకు మాత్రం భుజం ఇవ్వలేదు మీరు, ఊరి పెద్దలారా. నేనూ ఇవ్వలేదు. అనంతగిరి పక్కన మన ఊరి చెరువు నీరటి పోయాడన్న కబురు, సూర్యాపేటలో సమానత్వం మీద ఉపన్యాసం ముగించి వేదిక దిగుతుంటే నాకు అందింది.

తూము తీసి మూసేదీ, మడులకు వంతులు పంచేదీ ఆయనే. కుండలో నీళ్లు, వాటి మీద అడుగున చిల్లు ఉన్న రాగి గిన్నె. గిన్నె మునిగితే ఒకరి వంతు అయిపోయినట్టు. నీళ్లు తక్కువైన ఏడు తొలి గిన్నె చిట్టచివరి మడికి.

"కట్ట కిందోనికి ఊటన్నా వస్తది. కొసోనికి ఏమొస్తది, మన మాటలా?" అనేవాడు.

కోస్తాకు కోతలకు పోయివచ్చినవాళ్లు కృష్ణ కాలువలను పొగిడితే నవ్వేవాడు: "గాడ ఉన్నయి, పారుతయి. లేనికాడ పంచుడే పని."

ఆయనంటే నాకు అసూయ. ఇప్పటికీ. ఇరవై ఏళ్లుగా గొంతు చించుకుంటున్నాను, ఒక్క గట్టు కదల్లేదు. ఆయన "మునిగింది" అంటే చాలు, ఎంత పెద్ద రైతయినా తన మడిలోకి నీళ్లొచ్చే మడవ కట్టేసేవాడు. "నీ మాట నేనే ఇనను, ఆయన మాట ఊరంత ఇంటది" అని మా అమ్మ అన్నం వడ్డిస్తూ అనేది.

మా పొలం కట్ట కిందే. ఒక కరువు ఏడు, వరి పొట్ట మీద ఉంది, నా వంతు నడుస్తోంది. ఆయన తూములోకి దిగగానే గిన్నె చిల్లుకు చిటికెడు మైనం అద్దాను. ఆయన ఎక్కి వచ్చేసరికి తర్వాతి వంతు రైతులు మూగారు. గిన్నె మునగడం లేదు. ఆయన దాన్ని ఎత్తి, మైనాన్ని గోటితో గీకి, చీపురుపుల్లతో చిల్లు పొడిచి, ఆ ముద్దను నా అరచేతిలో పెట్టాడు.

"తేనెటీగ పెట్టిందేమో పటేలా. ఎక్కువ పారినంత నీ రేపటి వంతుల కోస్త."

"పటేలా అనకు. మనమంతా సమానమే," అన్నాను, ఇంకేం తోచక.

"గిన్నెకు ముందే తెలుసు."

నన్ను దొంగ అని ఉంటే వాదించి గెలిచేవాణ్ని. ఆ అవకాశం కూడా ఇవ్వలేదు.

ఆయన దినాలైనా కాలేదు, గిన్నెను దొర ఇంట్లో భద్రపరుస్తామంటున్నారు. తలుపు వెనక అది ఎప్పుడు మునిగిందో ఎవరు చూస్తారు? అందుకే అడుగుతున్నాను:

గిన్నె తూము మీదే, అందరి కళ్ల ముందే ఉండాలి.

నీళ్లు తగ్గితే తొలి గిన్నె కొస మడికే.

నీరటి పని, ఇన్నేళ్లూ ఆయనతో తూము దిగిన కూతురికే ఇవ్వాలి.

నా వంతుల్లో ఒక గిన్నె కోయాలి. కోస్తానన్నాడు గానీ ఆయన కోయలేదు. ఆ మైనం ముద్ద ఇంకా నా దగ్గరే ఉంది. దాని మీద ఆయన గోరు గుర్తు చెరగలేదు.