అల మీది వెలుగు చుక్క: గ్లాకోమాతో నా అనుభవం

ఆ సాయంత్రం నేను కాన్వాసు మీద ఒక అల అంచు వేస్తున్నాను. అల లేచి విరగబోయే ముందు దాని పైభాగం పలుచబడుతుంది. వెనక నుంచి ఎండ దానిలోంచి దూరి వస్తుంది. అక్కడ నీరు నీలంగా ఉండదు, లేత ఆకుపచ్చగా ఉంటుంది. ఆ పచ్చదనం కుదరక మూడు రోజులుగా తంటాలు పడుతున్నాను. చీకటి పడుతుంటే లైటు వేశాను. బల్బు చుట్టూ రంగుల వలయం కనిపించింది. కుడి కనుబొమ మీద సన్నటి నొప్పి. రంగుల్లో కలిపే టర్పెంటైన్ వాసన ఎక్కువైందనుకుని కిటికీ తెరిచాను. పడుకుని లేచేసరికి అంతా మామూలే.

నేనుండేది గద్వాలలో. మా తాతల కాలంలో నాగర్‌కర్నూల్ వైపు పది ఊళ్ళు మా ఇంటి మాట మీద నడిచాయి. నా చేతికి వచ్చింది ఇంటిపేరు ఒక్కటే. సముద్రాన్ని నేను నాలుగుసార్లు చూశాను. మిగతా నీళ్ళ చదువంతా జూరాల ప్రాజెక్టు గేట్ల దిగువన, కృష్ణ ఒడ్డున కూర్చుని నేర్చుకున్నదే. ఎండిపోయిన మా జిల్లాల్లో సముద్రం బొమ్మ ఎవరు కొంటారని బంధువులు నవ్వారు. కొన్నారు. వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో డాక్టర్ల ఇళ్ళల్లో, ఫంక్షన్ హాళ్ళల్లో నా అలలు ఉన్నాయి. ఎవరి దగ్గరా చేయి చాచకుండా నేను బతికానంటే వాటి వల్లే.

ఆ వలయం మొదట నెలకోసారి, తర్వాత వారానికోసారి కనిపించింది. "కండ్ల డాక్టర్‌కు చూపెట్టుకోండ్రి అని ఎన్నిసార్లు చెప్పాలె?" అని నా భార్య సుజాత విసుక్కుంది. చత్వారం అన్నాను. కళ్ళజోళ్ళ షాపుకు వెళ్ళి అద్దాలు మార్పించుకున్నాను. అక్కడ చూసేది చూపు ఒక్కటే, కంటి లోపలి ప్రెషర్ కాదని నాకు అప్పుడు తెలియదు.

ఆ ఏడాదే నాగర్‌కర్నూల్ దగ్గర, ఒకప్పుడు మాదైన ఊళ్ళో ఉచిత కంటి శిబిరం పెట్టి నన్ను ముఖ్య అతిథిగా పిలిచారు. వాళ్ళు పిలిచింది మా ఇంటిపేరునని తెలిసే వెళ్ళాను. దీపం వెలిగిస్తుంటే వత్తి చుట్టూ అవే రంగులు. శాలువా కప్పించుకున్నాను, నాలుగు మాటలు మాట్లాడాను. వేదిక దిగి వస్తుంటే, బల్ల దగ్గర పరీక్షలు చేస్తున్న అమ్మాయి లేచి నిలబడింది.

"సార్, మీది గూడ ప్రెషర్ చూస్త. రెండు నిమిషాలే."

ఆమె ముందు ఒక స్టూలు. దాని వెనక వరుస. వరుసలో మొదట నిలబడ్డ ముసలాయన బాలయ్య మా పొలాల్లో నాట్లు వేసిన కుటుంబం వాడు.

"కూసో దొరా," అన్నాడు. "కండ్లు మాయే పోతయా, మీయి పోవా?"

వరుసంతా నవ్వింది. అతను వెక్కిరించాడో, నిజంగానే చోటిచ్చాడో నాకు ఇప్పటికీ తెలియదు.

"నేను ప్రారంభించడానికి వచ్చాను, చూపించుకోవడానికి కాదు," అన్నాను.

"మీ ఇష్టం సార్," అని ఆ అమ్మాయి బాలయ్యను కూర్చోబెట్టింది. వాళ్ళందరి ముందు ఆ స్టూలు మీద కూర్చుని గడ్డం ఎత్తడం నా వల్ల కాలేదు. నా జబ్బు కథలో అసలు సంగతి ఇంతే. మిగతాది దాని ఫలితం.

ఐదు వారాల తర్వాత కుడి కన్ను పగిలిపోతున్నట్టు నొప్పి. తల సగం పట్టేసింది. వాంతులు. ఊళ్ళో ఆర్ఎంపీ గ్యాస్ అని ఇంజెక్షన్ ఇచ్చాడు. రెండు రోజులు అట్లాగే పడి ఉన్నాను. మూడో రోజు ఆ కంటికి కిటికీ కూడా కనిపించలేదు. "ఇంకేం మర్యాద మిగిలిందని పండుకున్నరు? లేవుండ్రి," అని సుజాత కారు మాట్లాడి హైదరాబాద్ తీసుకెళ్ళింది.

"ప్రెషర్ యాభై ఆరు ఉంది, ఇరవై ఒకటి దాటకూడదు," అంది డాక్టరమ్మ. "యాంగిల్ క్లోజర్ గ్లాకోమా. కంటిలో ఊరే నీరు బయటకు పోయే దారి మూసుకుపోయింది. ఇంతకుముందు లైట్ల చుట్టూ రంగులు కనిపించాయా?"

కనిపించాయని చెప్పాను. ఎన్నాళ్ళుగానో కూడా చెప్పాను. ఆమె పెన్ను కింద పెట్టింది.

"అప్పుడే వచ్చి ఉంటే ఐదు నిమిషాల లేజర్‌తో పోయేది సర్."

శిబిరం సంగతి నేను ఆమెకు చెప్పలేదు. సుజాతకూ చెప్పలేదు. ఇది చదివాకే ఆమెకు తెలుస్తుంది.

ప్రెషర్ దించే మానిటాల్ మందు నరంలోకి ఎక్కించారు. ప్రెషర్ దిగాక రెండు కళ్ళకూ లేజర్ చేశారు. ఎడమ కన్ను దక్కింది. కుడి కంటి నుంచి మెదడుకు చూపు మోసే ఆప్టిక్ నర్వ్ చాలావరకు దెబ్బతింది. ఎంతవరకో తేల్చడానికి ఫీల్డ్ టెస్ట్ అన్నారు. తెల్లటి గిన్నె లాంటి దానిలోకి చూస్తూ, మెరుపు కనిపించినప్పుడల్లా చేతిలోని బటన్ నొక్కాలి. నీళ్ళ మీద మెరుపులు గమనించడమే నా వృత్తి. ఎడమ కంటితో చకచకా నొక్కాను. కుడి కంటి వంతు వచ్చాక చాలాసేపు ఏమీ రాలేదు.

"మిషన్ ఆగినట్టుంది," అన్నాను.

"నడుస్తనే ఉంది సార్. మీరు చూడుండ్రి," అన్నాడు టెక్నీషియన్.

మూడు నెలలకు ఆ కంటిలో ప్రెషర్ మళ్ళీ పెరిగింది. ఆపరేషన్ చేయాలన్నారు. "ఇది ఉన్నది నిలబెట్టడానికే. పోయింది రాదు," అని డాక్టరమ్మ ముందే చెప్పింది. చేయించుకున్నాను. పోయింది రాలేదు. డిశ్చార్జ్ రోజు ఆమె అడిగింది: "అన్నదమ్ములున్నారా? రక్తసంబంధీకుల్లో కంటి నిర్మాణం ఒకేలా ఉండొచ్చు. వెంటనే పరీక్ష చేయించుకోమనండి."

తమ్ముడు వనపర్తిలో ఉంటాడు. పాత ఇంటి టేకు తలుపులు నాకు చెప్పకుండా అమ్మేశాడు. అప్పటి నుంచి పన్నెండేళ్ళుగా మాటల్లేవు. వాడి గడప తొక్కనని పదిమందిలో అన్నవాణ్ణి. రెండు నెలలు తాత్సారం చేశాను. చివరికి నల్లద్దాలు పెట్టుకుని బస్సెక్కాను.

తలుపు తీసి వాడు నన్ను కిందికీ పైకీ చూశాడు. "ఏందన్నా, తొవ్వ తప్పినవా?"

"కండ్లు చూపెట్టుకో. లైట్ల చుట్టు రంగులు గిట్ల కనపడుతున్నయా?"

వాడు కళ్ళు నులుముకున్నాడు. "అప్పుడప్పుడు. నీకెట్ల తెల్సు?"

నల్లద్దాలు తీసి కుడి కన్ను చూపించాను. "గిట్ల తెల్సు."

లోపలికి రమ్మన్నాడు. గడప బయటి నుంచే వెనక్కి తిరిగాను. ఆ వారమే వాడికి రెండు కళ్ళకూ లేజర్ చేశారు. చూపు పూర్తిగా నిలిచింది. ఆ మాట సుజాతకు ఫోన్ చేసి చెప్పాడు, నాకు కాదు.

ఇప్పుడు నాకు పనిచేసేది ఎడమ కన్ను ఒక్కటే. పూటపూటా చుక్కల మందు. ఒంటి కంటికి దూరం సరిగా అందదు. అల మీద వెలుగు తెల్లరంగు ఒక్కదానితోనే రాదు. చుట్టూ ముదురు రంగు నింపి, అంతా అయ్యాక, ఒకే ఒక్క తాకుడుతో చుక్క పెట్టాలి. కుంచె మొన నేననుకున్న దానికంటే ముందే తాకుతుంది. చుక్క మరకవుతుంది. తుడుస్తాను, మళ్ళీ పెడతాను, మళ్ళీ మరక. ఆర్డర్లు తీసుకోవడం మానేశాను. ఒక కంటితో కూడా అద్భుతంగా వేయొచ్చని ధైర్యం చెప్పే పెద్దమనుషులు వస్తుంటారు. వాళ్ళకు టీ ఇచ్చి పంపిస్తాం.

తమ్ముడి కళ్ళు దక్కినందుకు సంతోషమేనా అని సుజాత ఒకరోజు అడిగింది.

"వానికి రెండు కండ్లున్నయి. వాటితో చూసేటిదేముంది?" అన్నాను.

"అయినా పోయి చెప్పిండ్రు గద."

"చెప్పిన."

నలభై దాటితే కంటి ప్రెషర్ చూపించుకోమని డాక్టర్లు ఎట్లాగూ చెప్తారు. నేను చెప్పేది ఒక్కటే. ఈ జబ్బని తేలిన రోజే మీ తోబుట్టువులకు, పిల్లలకు చెప్పండి. మాటల్లేకపోతే గడప బయట నిలబడి చెప్పి రండి. నేను రెండు నెలలు ఆలస్యం చేశాను. ఆ రెండు నెలల్లో నా తమ్ముడి కన్ను పోలేదంటే, అందులో నా గొప్ప ఏమీ లేదు.