కాంతమణి కోసం తెచ్చిన బత్తాయిలు

దేవకృప ఏలూరు మనిషి. భర్త జకర్యా రైల్వే ఉద్యోగం మూలాన మల్కాజ్‌గిరి వచ్చిపడింది. మిషన్ బడిలో ఆడపిల్లలకు కుట్లూ అల్లికలూ నేర్పుతూ జుట్టు నెరిసిపోయింది. అలాంటి మనిషి నవల రాస్తోందని జకర్యాకు తప్ప ఎవరికీ తెలియదు. ఆయనకైనా ఎందుకు తెలిసిందంటే, పప్పు మాడిన రోజున కారణం చెప్పక తప్పలేదు.

నవలలో కాంతమణి అని ఒక నర్సు. అందరికీ చేసి, తన జబ్బు తను చూసుకోని మనిషి. ఆమె మంచాన పడిన ప్రకరణం రాసిన పూట దేవకృప వెక్కి వెక్కి ఏడ్చి, అదే మొహంతో స్త్రీల ప్రార్థన కూడికకు వెళ్ళింది.

"ఏందక్కా, కండ్లు గట్ల ఉబ్బినయ్?" అంది దేవమ్మ. కూడిక నడిపించేది ఆమే.

నవల అని చెప్పడానికి నోరు రాలేదు. "కాంతమణికి బాగాలేదు దేవమ్మా," అనేసింది.

ఎవరా కాంతమణి అని ఒక్కరూ అడగలేదు. అలా కూపీ లాగడం ఆ కూడికలో మర్యాద కాదు. పేరు చెబితే చాలు, మోకాళ్ళూనడమే. ఆనాటి నుంచి ప్రతి శుక్రవారం కాంతమణి కోసం ప్రార్థన. దేవమ్మ ఒక పూట ఉపవాసం కూడా పట్టింది. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే దేవకృప అందరితోపాటు ఆమెన్ అంటూ వచ్చింది. ఇంటికొచ్చి కలం పడితే తికమక. వాళ్ళు లేపుతున్న మనిషిని నేను పడగొడుతున్నానా? అయినా కథ తన దారిన తాను నడిచి, ఆఖరి ప్రకరణంలో కాంతమణి కన్నుమూసింది.

మోండా మార్కెట్ వెనక సందులో, మేడమీద పద్మనాభం గారని ఒక చిన్న ప్రచురణకర్త. దేవకృప పంపిన రాతప్రతి చదివి ఆయన ఫోను చేశారు. "పుస్తకం వేస్తున్నామమ్మా. మధ్యలో కాస్త సాగింది గానీ, ఆ చావుంది చూశారూ, దానికోసమే వేస్తున్నాను. ఆఖరి ప్రకరణం మాత్రం ఒకసారి దిద్ది, సోమవారానికి పట్టుకు రండి."

సోమవారం రాకముందే ఆదివారం వచ్చింది. ఆరాధన అవగానే దేవమ్మా, కూడికకు వచ్చే మేబెలూ దేవకృప ఇంటి గుమ్మంలోకి దిగారు. ఒకరి చేతిలో బత్తాయిల సంచి, ఇంకొకరి చేతిలో బ్రెడ్డు.

"నడు అక్కా, ఆటో ఆపి వచ్చినం. కాంతమణిని చూసొద్దాం. ఏ దవాఖాన? ఏ వార్డు?"

దేవకృప భర్త వైపు చూసింది. జకర్యా పేపరు పైకెత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"వార్డు లేదు," అంది. "అసలు కాంతమణే లేదు. నేను... నవల రాస్తున్నాను. అందులో మనిషి."

మేబెల్‌కు నవ్వు ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకుంది. దేవమ్మ నవ్వలేదు.

"అబద్ధమాడినవ్, దాని సంగతి తర్వాత జూస్తా. ముందు గిది చెప్పు. బతికిందా?"

దేవకృప తల అడ్డంగా ఊపింది.

"సచ్చిపోయిందా? ఎవరు సంపిండ్రు?"

"నేనే."

"శుక్రవారం ఆమెన్ అనుకుంట, శనివారం సంపినవా? దేవుని చేతిల ఉంటే ఆయన చిత్తమనుకుంటం. నీ చేతిల ఉన్నదాన్ని సుత బతికించకపోతివి!"

"బతికిస్తే పుస్తకం రాదు దేవమ్మా. ఆ చావు కోసమే వేస్తామంటున్నారు."

"గా ముక్క ముందు చెప్పొద్దా? పుస్తకం కోసమే ఉపవాసం ఉంటుంటి గద!"

వీధిలో ఆటోవాడు హారన్ మీద హారన్ కొడుతున్నాడు. దేవమ్మ సంచి అక్కడే వదిలేసి కదిలింది. రోగికని తెచ్చినవి వెనక్కి తీసుకుపోకూడదట. గుమ్మం దాటుతూ, "శుక్రవారం రా. మళ్ళ ప్రార్థనల పెడదాం. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పు," అంది.

సాయంత్రం దేవకృప ఆఖరి ప్రకరణం ముందేసుకుని కూర్చుంది. కొత్త కాగితాలు తీసి, కాంతమణిని లేపి కూర్చోబెట్టి గంజి తాగించింది. చదివి చూస్తే ఆమె కాంతమణిలా లేదు, ఎవరో పక్కింటావిడలా ఉంది. పాతది చదివితే ఎప్పుడూ వచ్చే ఏడుపు రాలేదు. దేవమ్మ మొహమే కళ్ళ ముందుకొచ్చింది.

"ఏవండీ, ఏం చెయ్యమంటారు?"

"నన్ను ఇందులోకి లాగకు తల్లీ," అన్నాడు జకర్యా. "ఆ బత్తాయి తొన ఒకటిలా ఇవ్వు."

మర్నాడు బస్సు మోండా మార్కెట్ స్టాపు దాటిపోయాక గానీ దిగాలన్న సంగతి ఆమెకు గుర్తు రాలేదు. అంత దూరమూ వెనక్కి నడిచి, మేడమెట్లెక్కేసరికి పద్మనాభం గారు చెయ్యి చాపి ఉన్నారు.

"తెచ్చారా అమ్మా? కంపోజింగు చేసేవాళ్ళు కాసుకు కూర్చున్నారు."

దేవమ్మ వదిలిపోయిన సంచిలోనే కాగితాలు తెచ్చింది; అందులో చెయ్యి పెట్టింది. చచ్చిన కాంతమణీ, బతికిన కాంతమణీ రెండూ చేతికి తగిలాయి. రెండింటినీ వదిలేసింది.

"శుక్రవారం దాకా ఆగండి సార్. ప్రార్థనలో పెట్టాం."

ఆయన కళ్ళజోడు తీసి చూశారు. "శుక్రవారం దాటితే నేనింకో పుస్తకం మొదలుపెట్టుకుంటానమ్మా, చెప్పలేదనేరు. ఇంతకీ ఎవరి కోసం ప్రార్థన? పుస్తకం కోసమా, ఆ నర్సు పిల్ల కోసమా?"

దేవకృప సంచి అడుగున మిగిలిన కాంతమణి బత్తాయి తీసి ఆయన బల్ల మీద పెట్టింది.