కొండంటే కొండే అన్నాను

ముప్పై ఏళ్ళ కాపురంలో మా ఆయనతో నేను ఒక్కసారి కూడా "మీరన్నది నిజమే" అనలేదు. ఆయన దాన్ని సరదాగానే తీసుకునేవారు. "ఆ మాట నీ నోట విన్న రోజు దుర్గమ్మకి నూట ఎనిమిది కొబ్బరికాయలు కొడతా" అనేవారు. మీకంత ఖర్చు పెట్టించను లెండి అనేదాన్ని.

ఆయన హైస్కూల్లో సోషల్ మాస్టారు. పడమటి కనుమల్ని బోర్డు మీద కళ్ళు మూసుకుని గీసేవారు గానీ, ఇంద్రకీలాద్రి, మంగళగిరి కొండ తప్ప మూడో కొండ చూసిన పాపాన పోలేదు. రిటైరవగానే మున్నారుకి టికెట్లు తీశారు. అక్కడి నేషనల్ పార్కులో వరయాడు అనే కొండమేకలుంటాయట, మనుషుల పక్కనే నిలబడి గడ్డి మేస్తాయట. ఆ సంగతి పక్కవాటా వాళ్ళకీ, ఇస్త్రీ ఆవిడకీ కూడా చెప్పారు. బీసెంట్ రోడ్డులో రెండు స్వెట్టర్లు కొన్నారు. ఇంట్లో ఫ్యాను ఐదులో పెట్టుకుని మరీ తనది తొడుక్కుంటే, "చెమటతో కంపు కొడుతుంది, తీసెయ్యండి. అక్కడికెళ్ళాక వేసుకుందురుగాని" అని కసిరాను.

ప్రయాణం ఇరవై రోజులుందనగా మంగళగిరిలో వాళ్ళ బాబాయిగారు పోయారు. కర్మకాండ అవగానే నేను తీర్పు చెప్పేశాను. ఇంటిపేరువాళ్ళు పోతే ఏడాది దాకా కొండ ఎక్కకూడదు, టికెట్లు క్యాన్సిల్ చేయించండి అని.

"అది గుళ్ళున్న కొండలకి కదే?" అన్నారాయన.

"కొండంటే కొండే."

"పోనీ పంతులుగారికి ఓ ఫోన్ కొట్టి అడుగుదాం."

"ఈమాత్రానికి పంతులుగారెందుకు? నాకు తెలీదా?"

నిజం చెప్పాలంటే నాది ఆచారం మీద పట్టుదల కాదు, భయం. నియమం తప్పితే ఆయనకేమైనా అవుతుందేమోనని. ఆయన ఏడాది ఎప్పటికి నిండుతుందో లెక్క చూసుకుని, ఫోన్లో ఆ తేదీకి అలారం పెట్టుకున్నారు. స్వెట్టర్లు బీరువా పై అరలోకి వెళ్ళాయి.

ఎనిమిదో నెలలో ఒక పొద్దున పేపరు చదువుతూ చదువుతూ కుర్చీలోనే ఒరిగిపోయారు. నేను వంటింట్లోంచి కాఫీ తెచ్చేసరికే అంతా అయిపోయింది.

మూడో మాసికం నాడు, అందరి భోజనాలూ అయ్యాక, మా అమ్మాయి నన్ను మార్పుకోసం ఎక్కడికైనా తీసుకెళ్తానని పంతులుగారితో అంది.

"వెళ్ళి రండమ్మా, మంచిదే" అన్నారాయన.

"ఏడాది కొండెక్కకూడదు కదండీ?" అన్నాను.

"అది దేవుడి కొండలకమ్మా, దర్శనానికి. ఊరికే చూసొచ్చే కొండలకి పట్టింపేముంటుంది?"

ఎత్తుతున్న విస్తరి అక్కడే వదిలేసి గోడకి చేరగిలబడ్డాను. రెండు నిమిషాల ఫోను. ఆ రెండు నిమిషాలు నేను ఆయనకి ఇవ్వలేదు. ఈ సంగతి ఇప్పటిదాకా మా అమ్మాయికి కూడా చెప్పలేదు, చెప్పే మొహం లేక.

ఏడాది తిరక్కుండా ఈ తిరుగుళ్ళేమిటని ఆడపడుచు మొహం మీదే అడిగేసింది. అయినా మా అమ్మాయితో మున్నారు వెళ్ళాను.

పార్కు బస్సు దిగి రోడ్డు మీద నడుస్తుంటే, మలుపు దగ్గర ఒక వరయాడు కనబడింది. ఆయన చెప్పినట్టే, చెయ్యి చాపితే అందేంత దూరంలో, మమ్మల్ని పట్టించుకోకుండా గడ్డి మేస్తోంది.

"మీరన్నది నిజమేనండీ" అన్నాను.

"ఎవరితోనమ్మా?" అంది మా అమ్మాయి.

కొండ మీంచి మంచు దిగుతోంది, చలికి దవడలు కొట్టుకుంటున్నాయి. మా అమ్మాయి సంచిలోంచి స్వెట్టరు తీసి నాకు తొడిగింది. నాది కాదు, ఆయనది. ఇంకా షాపు చీటీ వేలాడుతూనే ఉంది. జనం చూస్తున్నారన్న ఇది కూడా లేకుండా చేతుల దగ్గరా, మెడ దగ్గరా ముక్కు ఆనించి వెతికాను, ఎక్కడైనా ఆయన వాసన మిగిలి ఉంటుందేమోనని.

కొత్త ఉన్ని వాసన తప్ప ఇంకేమీ లేదు. చెమట పట్టనివ్వకుండా తీయించేసింది నేనే.