ఒంటికి గుర్తున్నంత కాలం

పిన్నమ్మ పోయింది. ఆదివారం చర్చికి బయలుదేరబోతూ, చెప్పులు వేసుకోవడానికి మంచం మీద కూర్చుని అలాగే ఒరిగిపోయిందట. గుండె ఆగిపోయిందన్నారు. కావలి నుంచి చెల్లెలు ఫోన్లో చెప్పినప్పుడు, ఏడుపు కన్నా ముందు నాకు కలిగింది ఒక రకమైన ఊరట. ఇంత నెమ్మదైన చావు ఆమెకు దక్కింది. అంతకుముందొకసారి ఆమె మాకు దక్కకుండా పోవలసింది.

ఆమె పేరు చెప్పినా మీకు తెలియదు. మా అమ్మ చెల్లెలు. పెళ్లి చేసుకోలేదు. నర్సు చదువు కాగానే మన్యంలో కొండల మధ్య చిన్న ఆసుపత్రిలో చేరి, ఉద్యోగం చేసినన్నాళ్లూ అక్కడే ఉంది. తొలి వానాకాలంలోనే మలేరియా పట్టుకుంది. ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పినా వణుకు ఆగలేదట. ఇంటికి వెళ్లిపోదామని పెట్టె సర్దుకుంది. జ్వరం తగ్గాక విప్పేసింది.

అక్కడివాళ్లను చూసి మొదట్లో ఆశ్చర్యపోయేది. రక్తంలో మలేరియా క్రిములున్న మనిషి కట్టెలమోపు ఎత్తుకుని మామూలుగా నడిచి వెళ్లేవాడు. చిన్నప్పటి నుంచీ మళ్లీ మళ్లీ వచ్చిన జ్వరాలతో వాళ్ల ఒళ్లు తట్టుకోవడం నేర్చుకుంది. కానీ నేర్చుకునేదాకా బతకాలి కదా. పసిబిడ్డలు చాలామంది బతకలేదు. గట్టిగా తిరిగే ఆడవాళ్లు కూడా తొలిచూలుతో ఉన్నప్పుడు మళ్లీ మంచాన పడేవారు. ఎవరైనా కొండవాళ్ల రోగనిరోధక శక్తిని పొగిడితే పిన్నమ్మకు నచ్చేది కాదు.

"ఊరికే రాలేదు అది. బిడ్డల్ని పూడ్చుకోని తెచ్చుకున్నారు" అనేది.

ఏళ్లు గడిచేకొద్దీ ఆమెకూ జ్వరాలు తేలికపడ్డాయి. సెలవులకు మా ఇంటికి వచ్చినప్పుడు ఒళ్లు వెచ్చబడితే పరీక్ష చేయించుకుని, మాత్రలు వేసుకుంటూనే వంట చేసేది. ఎవరింటికి వెళ్లినా పెరట్లో నీళ్లు నిలిచిన కొబ్బరిచిప్ప కనిపిస్తే బోర్లించిగానీ కూర్చునేది కాదు.

రిటైరయ్యాక కావలి దగ్గర సముద్రం ఒడ్డున, చేపలు పట్టేవాళ్ల పల్లెలో ఇల్లు తీసుకుంది. కొన్నేళ్లకు, తాను పురుడు పోసిన అమ్మాయి పెళ్లికి మళ్లీ మన్యం బయలుదేరింది. దోమతెర పెట్టుకోమన్నాను.

"నన్నేం చేస్తాదిమే, ఆ జొరానికి నేను పాత చుట్టాన్ని" అని నవ్వింది.

తిరిగొచ్చిన రెండో వారంలో జ్వరం మొదలైంది. ప్రయాణపు అలసట అనుకుంది. మర్నాటికి నన్ను గుర్తుపట్టలేదు. నెల్లూరు ఆసుపత్రిలో మెదడుకు సోకిన మలేరియా అన్నారు. ఆమె మన్యంలో గడిపిన కాలం గురించి చెబితే డాక్టరు ఓపికగా విన్నారు. ఆ దోమలకు దూరమైన ఇన్నేళ్లలో ఒళ్లు నేర్చుకున్నదంతా చాలావరకు మరిచిపోయి ఉంటుందన్నారు. పిన్నమ్మ కళ్లు తెరిచి నన్ను పేరు పెట్టి పిలిచేదాకా నేనూ చెల్లెలూ వరండాలో ఒకరి ముఖం ఒకరం చూసుకోలేకపోయాం.

కోలుకున్నాక డాక్టరు మాట ఆమెకు చెప్పాను.

"కొండ దిగి పట్నాల్లో చదువుకునే పిల్లోళ్లకి ఈ మాట చెప్పింది నేనే. సెలవులకొస్తే తెర కట్టుకోండి, మీ ఒళ్లు మునుపటిది కాదని. నా కాడికి వచ్చేతలికి మర్చిపోయినా."

ఆ తర్వాత ఆమె కొత్త పని పెట్టుకుంది. పల్లెలో మగవాళ్లు కొందరు వేటకని పడమటి తీరపు రేవులకు వెళ్లి, నెలల తర్వాత వస్తారు. ఒక్కోసారి జ్వరంతో వస్తారు. అలా వచ్చినవాళ్ల ఇంటికి వెళ్లి, రక్తపరీక్షకు ఒప్పించేది. వణుకు తగ్గగానే మాత్రలు మానేస్తే ఊరుకునేది కాదు.

ఆమెను చూడాలని వెళ్లిన ఒక సాయంత్రం ఇంటికి తాళం ఉంది. ఇసుకలోకి నడిచాను. ఒడ్డుకు లాగిన పడవ పక్కన కూర్చుని ఉంది. అంతకుముందు వారమే జ్వరంతో దిగిన ఒకతని భార్య, తన నెలల బిడ్డను ఆమె ఒళ్లో పెట్టి ఎదురుగా నిలబడి ఉంది. పిన్నమ్మ బిడ్డ నుదుటి మీద చెయ్యి వేసి కళ్లు మూసుకుంది. తల్లి ఆమె ముఖంలోకే చూస్తోంది.

"చల్లంగానే ఉందిలే" అంది పిన్నమ్మ. అయినా చెయ్యి తీయలేదు.