సీ మాట్రిక్సులో ఒక మైనస్

మూడేళ్ల కిందటి వేసవిలో నన్ను ముదిగుబ్బ పక్కన ఒక తాగునీటి పథకానికి డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా వేశారు. నా ఆఖరి పోస్టింగ్ అదే. కొండ కింద సంపు, పైన ట్యాంకు, మధ్యలో మోటారు. అప్పటిదాకా మోటారు వేగాన్ని ఆపరేటరే చేత్తో పెంచేవాడు, తగ్గించేవాడు. ఒక సోమవారం నుంచి ఆ పనిని, ట్యాంకు మట్టం చూసి తనంతట తానే మోటారును నడిపే కంట్రోలరు అనే యంత్రానికి అప్పజెప్పాలని ఉత్తర్వు వచ్చింది. అందులో ఏదైనా బెడిసికొడితే ఆ ట్యాంకును నమ్ముకున్న ఊళ్లకు మండుటెండల్లో చుక్క నీరు అందదు.

ముందు కంప్యూటర్లో నడిపి చూడందే మోటారును ముట్టుకోనివ్వనని నేను పట్టుబట్టాను. మేం వాడింది డబ్బాలు గీసి గీతలతో కలిపే సాఫ్ట్‌వేర్. అందులో స్టేట్ స్పేస్ అనే డబ్బాలో ఏ, బీ, సీ, డీ అని నాలుగు మాట్రిక్సులు, అంటే అంకెల పట్టికలు, నింపాలి. సంపులో, ట్యాంకులో నీళ్లు వాటంతట అవి ఎలా తగ్గుతాయో ఏ చెబుతుంది. మోటారు వేగం వాటిని ఏం చేస్తుందో బీ చెబుతుంది. మట్టం కొలిచే మీటరు మన కంటికి ఏం చూపిస్తుందో సీ చెబుతుంది. డీ మా లెక్కలో సున్నా. వీటిని నింపినవాడు మా అసిస్టెంట్ ఇంజనీరు నాగరాజు. ఆ చుట్టుపక్కల వేరుశెనగ పండించే ఇంటివాడు.

దానికి ముందు శుక్రవారం మోడల్ నడిపాం. ట్యాంకు మట్టం గ్రాఫు మేం కోరిన మూడు మీటర్ల దగ్గర కుదురుకోవాలి. కుదురుకోకపోగా పైపైకి ఎగబాకి ట్యాంకు పొర్లిపోయినట్టు చూపించింది. కంట్రోలరు సరఫరా చేసిన కంపెనీ తరఫున వచ్చిన ఇంజనీరు కవిత తెర వైపు వంగి చూసి, సీ మాట్రిక్సులో మైనస్ ఉందనీ, అది టైపింగ్ పొరపాటనీ తేల్చేసింది. మైనస్ తీసి నడిపితే గ్రాఫు ముద్దొచ్చేలా కుదురుకుంది. ఇక మోటారును కంట్రోలరుకు అప్పజెప్పే కాగితం మీద సంతకం పెట్టమంది.

ముద్దొచ్చే గ్రాఫులంటే నాకు మొదటినుంచీ అనుమానమే. తలగడ మారిస్తే తలనొప్పి పోదు.

"ఏమప్పా, ఈ మైనస్ నువ్వు కావాలనే పెట్టినావా?" అని నాగరాజును అడిగాను.

"కావాలనే పెట్టినా సార్. బాయిలో నీళ్లు యాడుండాయంటే ఎవరైనా పైనుంచే కదా చెప్పేది? మీటరు కూడా ట్యాంకు పైకప్పుకే బిగించినారు. నీళ్లు తగ్గేకొద్దీ అంకె పెరగతాది."

కవిత గబగబా కంట్రోలరు సెట్టింగులు తెరిచి చూసింది. ఆమె కంట్రోలరు ఆ అంకెను అడుగు నుంచి లెక్కించిన ఎత్తు అనుకుంటోంది. మా కాగితాల్లో 'మట్టం' అని రాశాం తప్ప ఎక్కడినుంచి కొలవాలో రాయలేదు. మా సీమలో నీళ్ల లోతు అంటే పైనుంచే అని వేరే చెప్పాల్సిన పని లేదు. ఆ మాట బయటివాళ్లకు ఎలా తెలుస్తుంది?

నాగరాజు కొండమీది ఆపరేటరుకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టాడు.

"అన్నా, ట్యాంకులో నీళ్లెట్లుండాయి?"

"అడుక్కు పోయినాయప్పా. దూప తీరేటట్లు కూడా లేవు."

"మీటరు ఎంత చూపిస్తాండాది?"

"నాలుగు దాటింది."

ట్యాంకు మొత్తం లోతే అయిదు మీటర్లు. అంటే దాదాపు ఎండిన ట్యాంకును కంట్రోలరు నిండిందనుకుంటుంది. మోడల్ సగం నిండిన ట్యాంకుతో మొదలైంది కాబట్టి అక్కడ ఇదే పొరపాటు తిరగబడి, నీళ్లు పెరిగేకొద్దీ తగ్గుతున్నాయనుకుని ట్యాంకును పొర్లించింది.

తర్వాత పని తేలికే. మొత్తం లోతులోంచి మీటరు అంకెను తీసేసి, వచ్చిన ఎత్తును తీసుకునేలా కవిత అక్కడే కంట్రోలరు ప్రోగ్రాం మార్చింది. మోడల్లోనూ ఆ తీసివేతను ఒక డబ్బాగా కలిపాం. నాగరాజు మైనస్‌ను ఉన్నచోటే ఉంచాం. మళ్లీ నడిపితే గ్రాఫు కాస్త ఎగిరి, మూడు దగ్గర నిలబడింది. హమ్మయ్య అనుకున్నాను. పైకే అన్నానేమో కూడా, అందరూ నవ్వారు. సోమవారం మోటారు ఆటోమేటిక్‌లోకి మారింది, ఊళ్లకు నీళ్లు అందాయి.

ఆ తర్వాత మా ఆఫీసు డ్రాయింగుల్లో మట్టం అంకె పక్కన ఒక బాణం గీయించాను, కొలత పైనుంచా కిందనుంచా తెలిసేలా. మోడల్ మనకు నచ్చని జవాబు చెప్పినప్పుడు దిద్దే ముందు, ఆ అంకె ఎక్కణ్ణుంచి కొలిచిందో అడగాలి. ఆ శుక్రవారం అడక్కుండా సంతకం పెట్టి ఉంటే, ట్యాంకు ఎండేకొద్దీ నిండుతోందనుకుని కంట్రోలరు మోటారును ఆపేసేది.